పర్మిషన్ బిట్లు: ఫైలు తెరిచే ముందు కెర్నెల్ అడిగే ప్రశ్నలు

"స్క్రిప్టుకి 777 ఇచ్చాం సార్. ఇంక ఇవ్వడానికేం మిగల్లేదు. అయినా అనుమతి లేదంటూ 403 ఎర్రర్ వస్తోంది, ఎందుకు?" సర్వర్ పాఠం మొదలైతే చాలు, క్లాసులో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. జవాబు వెతికితే యూనిక్స్‌లోని అతి అందమైన ఏర్పాటు ఒకటి బయటపడుతుంది.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రూపొందించిన యూనిక్స్‌కి 1971లో వచ్చిన తొలి మాన్యువల్‌లో గ్రూపుల ఊసే లేదు. చదవడం, రాయడం ఓనర్‌కి వేరు, ఇతరులకి వేరు. నడపడానికి మాత్రం అందరికీ కలిపి ఒకటే బిట్. గ్రూపు తర్వాత చేరింది. అలా ఓనర్, గ్రూపు, ఇతరులు అనే ముగ్గురికి మూడేసి చొప్పున తొమ్మిది బిట్లయ్యాయి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. కలిపితే 7. ముగ్గురికీ అన్నీ ఇస్తే 777.

వీటిని కెర్నెల్ చదివే తీరు చూడండి. అడుగుతున్నది ఓనరా? అయితే మొదటి అంకె చూసి తేల్చేస్తుంది, మిగతా రెండింటి జోలికి పోదు. ఓనర్ కాకపోతే గ్రూపు అంకె, అదీ కాకపోతే మూడోది. అందుకే 077 ఉన్న ఫైలుని ఇతరులు తెరవగలరు, ఓనర్ తెరవలేడు!

ఇక అసలు చిక్కు. ఉబుంటులో అపాచీ వెబ్ సర్వర్ నడిచేది మీ పేరు మీద కాదు, www-డేటా అనే యూజర్ పేరు మీద. మీ స్క్రిప్టు హోమ్ డైరెక్టరీ లోపల ఉందనుకోండి. కెర్నెల్ నేరుగా ఫైలు దగ్గరికి దూకదు. రూట్ నుంచి బయలుదేరి దారిలో ప్రతి డైరెక్టరీ దగ్గరా ఎక్స్ బిట్ (నడిపే బిట్) అడుగుతుంది. డైరెక్టరీకి ఎక్స్ అంటే నడపడం కాదు, దాటి లోపలికి పోవడం. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ డైరెక్టరీలకు 750 పెడుతున్నారు. www-డేటాకి దక్కేది చివరి సున్నా. వీధి గేటుకి తాళం పడ్డాక గది తలుపు బార్లా తెరిచి ఏం లాభం? మీరిచ్చిన 777ని కెర్నెల్ చూడనే లేదు. దారిలో ఒకచోట సెర్చ్ పర్మిషన్ (అంటే డైరెక్టరీ ఎక్స్ బిట్) లేదని అపాచీ ఎర్రర్ లాగ్ స్పష్టంగానే చెబుతుంది.

తర్వాతి కథ చకచకా సాగింది. ఫైలు ఓనర్ హక్కులతో ప్రోగ్రాం నడిపే సెట్‌యుఐడి బిట్‌కి రిచీ 1979లో పేటెంట్ పొందారు. అపాచీలో సుఎగ్జెక్ అనే ఏర్పాటు వచ్చి, ఇతరులు రాయగల స్క్రిప్టుని నడపనని మొరాయించింది. అక్కడ 777 ఇస్తే 500 ఎర్రర్ వస్తుంది. 2000లో ఎస్ఈలైనక్స్ అనే భద్రతా వ్యవస్థ వచ్చింది; బిట్లన్నీ సరిగ్గా ఉన్నా ఫైలుకున్న భద్రతా లేబుల్ తప్పయితే అది ఆపేస్తుంది.

కాబట్టి 777 జోలికి వెళ్లకండి. అది సర్వర్‌లోని ఏ ప్రోగ్రాం అయినా మీ స్క్రిప్టుని తిరగరాయడానికి అనుమతి. ముందు లాగ్ చదవండి. నేమ్‌ఐ కమాండ్‌కి మైనస్ ఎల్ చేర్చి పూర్తి దారి ఇస్తే, ప్రతి మెట్టు పర్మిషన్లూ వరసగా కనిపిస్తాయి. చాలాసార్లు దారిలో ఒక్క డైరెక్టరీని 750 నుంచి 751 చేస్తే సరిపోతుంది.