ఆంగ్ల భూతకాల రూపాల ఊహార్థక ప్రయోగం – తెలుగు చేదర్థక వాక్యాలతో పోలిక

కీలకపదాలు: భూతకాలం, ఊహార్థకం, చేదర్థకం, ప్రధానవాక్యం, అవాస్తవ కల్పన.

1. ప్రవేశిక

క్రియ భూతరూపంలో ఉన్నంత మాత్రాన అది గతాన్నే చెప్పాలన్న నియమం ఆంగ్లంలో లేదు. ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ గివ్ ఇట్’ అన్నప్పుడు డబ్బు లేనిది ఇప్పుడే. ఇక్కడ ‘హ్యాడ్’ వాస్తవం నుండి దూరాన్ని సూచిస్తుంది. ర్యాండాల్ఫ్ క్వర్క్ బృందం 1985 నాటి వ్యాకరణంలో దీనిని ఊహార్థక భూతంగా గుర్తించింది. హడిల్‌స్టన్, పులమ్‌లు 2002లో దీనినే వాస్తవదూరతగా వివరించారు. తెలుగు విద్యార్థులు ఈ ప్రయోగంలో తడబడడానికి గల కారణాన్ని తెలుగు వాక్యనిర్మాణం నుండి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. తెలుగులో అవాస్తవతకు ఆధారం

మోపిదేవి పరిసరాల్లో కాలువ కింద వరి పండించే రైతు నోట సహజంగా వినిపించగల రెండు వాక్యాలను పరిశీలించవచ్చు.

అ) కాలువకు నీళ్లు వస్తే నాట్లు వేస్తాం.
ఆ) కాలువకు నీళ్లు వస్తే నాట్లు వేసేవాళ్లం.

రెండింటిలోనూ ‘వస్తే’ ఒక్కటే. మొదటిది జరగడానికి అవకాశమున్న పని. రెండవది జరగని పని. ఈ భేదాన్ని తెలిపేది ప్రధానక్రియ మాత్రమే. గ్రాంథికంలోని ‘వచ్చినచో’ భూతకాలిక క్రియాజన్య విశేషణం మీద ఏర్పడినదే అయినా, ‘నీళ్లు వచ్చినచో నాట్లు వేయుదుము’ అన్న వాక్యంలో అవాస్తవత లేదు. నీళ్లు రావడం ముందు, నాట్లు తరువాత అన్న క్రమమే అక్కడ ఉంది.

‘వేసేవాళ్లం’ గతంలోని అలవాటును కూడా తెలుపుతుంది. ‘మా చిన్నప్పుడు జూన్‌లోనే నాట్లు వేసేవాళ్లం’ అనడంలో ఉన్నదీ ఈ రూపమే. ఆంగ్లంలోని ‘వుడ్’కు సైతం ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. గత అలవాటు, అవాస్తవ కల్పన ఒకే రూపాన్ని పంచుకోవడం రెండు భాషలకూ సమానం.

3. దోషానికి మూలం

ఆంగ్లం అవాస్తవతను ఉపవాక్యంలోనూ ప్రధానవాక్యంలోనూ గుర్తిస్తుంది. తెలుగుకు ప్రధానవాక్యం చాలు. అందువల్ల ‘ఇఫ్ ఐ హ్యావ్ మనీ, ఐ వుడ్ గివ్ ఇట్’ అన్న రచన తెలుగు క్రమానికి సరిపోతుంది, ఆంగ్ల క్రమానికి లోపమవుతుంది. ఇది అజాగ్రత్త కాదు, మాతృభాషా నిర్మాణ ప్రభావం.

రెండవ చిక్కు గతానికి సంబంధించినది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గురించి ‘ముందే తెలిసి ఉంటే జనం ఎత్తైన చోట్లకు వెళ్లేవారు’ అని చెప్పినప్పుడు, ‘వెళ్లేవారు’ అన్న రూపం మారదు. ‘తెలిసి ఉంటే’ అన్న సంయుక్తరూపం, సందర్భం కలిసి కాలాన్ని నిర్ణయిస్తాయి. ఆంగ్లంలో ‘ఇఫ్ దే న్యూ, దే వుడ్ గో’ అని వ్రాస్తే ఆ విషాదం వర్తమాన కల్పనగా మారిపోతుంది. ‘ఇఫ్ దే హ్యాడ్ నోన్, దే వుడ్ హ్యావ్ గాన్’ అన్నప్పుడే జరిగిపోయిన నష్టం వాక్యంలో నిలుస్తుంది. భూతరూపం ఒక మెట్టు వాస్తవదూరతకు ఖర్చైనందున, గతాన్ని చెప్పడానికి మరొక మెట్టు అవసరమైంది.

4. ముగింపు

మూడు రకాల షరతు వాక్యాలను సూత్రాలుగా కంఠస్థం చేయించడం కన్నా, ‘వేస్తాం – వేసేవాళ్లం’ భేదంతో బోధన ప్రారంభించడం ప్రయోజనకరం. అవాస్తవ కల్పన విద్యార్థికి కొత్త కాదు. దానిని ఉపవాక్యంలో కూడా గుర్తించడం, గతమైతే మరొక మెట్టు వెనక్కు జరపడం మాత్రమే అతడు కొత్తగా నేర్వవలసినవి.