ఇంటిలో పచ్చిమేత – దానికొక గట్టి మంచె



మన రాయలసీమలో వాన ముఖం చాటేసిన ఏడు మొట్టమొదట దెబ్బ తినేది మనిషి కాదు, పశువు. మనిషి కూలికి పోయి అయినా పొట్ట పోసుకొంటాడు. కొట్టంలో కట్టివేసిన ఆవు ఎక్కడికి పోతుంది? 1876-78 నాటి ధాత కరువులో మనుషులతో పాటు గొడ్లు కూడా మందలు మందలుగా చచ్చిపోయిన సంగతి మన పెద్దలు తరతరాలుగా చెప్పుకొంటూ వచ్చారు. ఈనాడు అంతటి ఘోరం లేదు గాని, ఎండాకాలం వచ్చేసరికి పచ్చిగడ్డి లేక, పాలిచ్చే ఆవును అయినకాడికి సంతలో అమ్ముకొని వచ్చే రైతు ఇంకా మన మధ్య ఉన్నాడు. అమ్మినప్పుడు వచ్చే ధరకు, వానలు పడ్డాక తిరిగి కొనే ధరకు పొంతన ఉండదని మీకు నేను చెప్పనక్కరలేదు.

అటువంటి రెండు మూడు నెలలు గడవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. మట్టి లేకుండా, ఇంటిలోనే, పళ్ళేలలో మొక్కజొన్న మొలకలు పెంచి పశువులకు వేయడం. మట్టి లేని సేద్యానికి 1930లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో గెరికే అనే శాస్త్రవేత్త ప్రచారం కల్పించారు. మన దేశంలో గోవాలోని భారత వ్యవసాయ పరిశోధన మండలి కేంద్రంలో మొక్కజొన్న మొలక మేత మీద ఆవులతో పరీక్షలు చేసి చూశారు. విత్తనం నానబెట్టడం, మొలక కట్టడం గురించి ఇదివరకే చాలామంది చెప్పారు. నేను ముఖ్యంగా చెప్పదలచింది ఆ పళ్ళేలు పెట్టుకొనే మంచె గురించి. ఎందుకంటారా? వినండి.

కల్లూరులో, అంటే కర్నూలు పట్టణానికి హంద్రీ అవతల, ఒక రైతు నా మాట విని ఇటువంటి మంచె కట్టాడు. కొలతలు చెప్పింది నేనే. నాలుగు వెదురు గుంజలు, కొబ్బరి తాడు, వెనుక గోడకు నాలుగు మేకులు. అంతే. ఆరో రోజు సాయంకాలం, మేత బాగా ఎదిగి బరువెక్కిన సమయాన, గోడలోని మేకులు ఊడివచ్చి మంచె మొత్తం ముందుకు ఒరిగి పడిపోయింది. అప్పుడే అక్కడినుండి లేచి వెళ్ళిన చిన్నపిల్లకు ఏమీ కాలేదు గాని, వారం రోజుల విత్తనం మట్టిపాలయింది. ఆ ఇంటి ఇల్లాలు నన్నేమీ అనలేదు. "సార్, గోడ మట్టిది కదా, మీరు చూడలేదా?" అని మాత్రం అడిగింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబే ఈనాటి నా ప్రసంగం.

గోడను నమ్మవద్దు

మన పాత మిద్దెలకు రాతిగోడలే అయినా, రాళ్ళ మధ్య ఉండేది మట్టి అడుసు. మేకు దిగుతుంది, బరువు పడగానే వదిలేస్తుంది. పైగా ఈ పళ్ళేలకు దినమంతా నీళ్ళు చల్లాలి. గోడకు ఆనించి కడితే ఆ తేమ గోడకు దిగి, మట్టి మెత్తబడుతుంది. గాలి ఆడక మేతకు బూజు పడుతుంది. కాబట్టి మంచె దేనినీ ఆనుకోకుండా తన కాళ్ళ మీద తాను నిలబడాలి. గోడకూ మంచెకూ నడుమ ఒక అడుగు సందు వదలాలి.

బరువు లెక్క

ఏదైనా కట్టేముందు అది ఎంత మోయాలో తెలుసుకోవాలి. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల పళ్ళెంలో సుమారు ఒకటిం ముప్పావు కిలోల విత్తనం పడుతుంది. ఎనిమిదో రోజుకు అది దాదాపు అయిదు రెట్లు, అంటే తొమ్మిది కిలోలకు అటూ ఇటుగా మేత అవుతుంది. పళ్ళెం బరువు, తడి కలుపుకొంటే పది పదకొండు కిలోలు. ఒక అంతస్తుకు నాలుగు పళ్ళేలు, అటువంటి అంతస్తులు నాలుగు. అన్నీ నిండుగా ఉన్నాయనుకొంటే నూట డెబ్బై, నూట ఎనభై కిలోలు. అంటే రెండు పెద్ద ధాన్యం బస్తాలకు పైమాటే. నాలుగు వెదుర్లూ తాడూ దీనిని ఎట్లా మోస్తాయి? నేను చేసిన తప్పు అదే. పళ్ళేలు లెక్క పెట్టాను గాని, ఎనిమిదో రోజు బరువు లెక్క పెట్టలేదు.

కావలసిన సామాను

సర్వి గాని, జామాయిల్ గాని, బాగా ఆరిన కర్ర తీసుకోండి. పచ్చికర్ర ఆరేకొద్దీ కుంచించుకొని బిగువు వదులుతుంది.

ఆరడుగుల నిలువు గుంజలు ఆరు, మూడంగుళాల లావు. గుంజల అడుగున వేసే పాదపు దుంగలు మూడు, ఒక్కొక్కటి మూడున్నర అడుగులు. అడ్డుకర్రలు రెండడుగులవి పన్నెండు. పళ్ళేలను మోసే పొడుగు కర్రలు ఏడడుగులవి ఎనిమిది, రెండంగుళాలకు తగ్గని లావు. ఏటవాలు కర్రలు ఏడడుగులవి నాలుగు. వీటికి తగిన బోల్టులు, నట్టులు, బిళ్ళలు. గట్టి ఇనుప తీగ కొంత. బేతంచెర్ల నాపరాతి ముక్కలు ఆరు, దుంగల చివరల కింద పెట్టడానికి.

కట్టే విధానం

ముందుగా రెండేసి గుంజలను నేల మీద పరచి, మధ్య రెండడుగులు ఉండేటట్లు పెట్టి, వాటికి నాలుగు అడ్డుకర్రలు బోల్టులతో బిగించండి. మొదటి అడ్డుకర్ర నేల నుండి పది అంగుళాల ఎత్తున, ఆపైన పదహారేసి అంగుళాలకు ఒకటి. అప్పుడు పై అంతస్తు అయిదడుగుల లోపే వస్తుంది. ఇంటి ఆడవాళ్ళు పీట ఎక్కనక్కర లేకుండా నీళ్ళు చల్లుకోవచ్చు. ఇటువంటి నిచ్చెనలు మూడు తయారు చేయండి.

ఒక్కొక్క నిచ్చెన అడుగున పాదపు దుంగను బిగించండి. ఈ దుంగ ముందుకూ వెనుకకూ తొమ్మిదేసి అంగుళాలు పొడుచుకొని ఉండాలి. మంచె నిలకడ అంతా ఈ తొమ్మిదంగుళాలలోనే ఉంది. కాళ్ళు దగ్గరగా పెట్టుకొన్న మనిషిని చిన్నపిల్ల తోసినా తూలుతాడు. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడినవాణ్ణి ఎద్దు పొడిచినా తట్టుకొంటాడు. ఇదీ అంతే.

మూడు నిచ్చెనలనూ వరుసగా నిలబెట్టి, ఒక్కొక్క అరలో రెండు పళ్ళేలు పట్టేటట్లు మూడడుగుల ఒక అంగుళం సందు ఉంచి, ఏడడుగుల కర్రలను అడ్డుకర్రల మీద ముందొకటి, వెనుకొకటి వేసి బిగించండి. ముందరి కర్రను వెనుకదానికంటే అర అంగుళం కిందికి ఉంచితే, పళ్ళెంలో నీరు నిలువ ఉండక ముందరి చిల్లు గుండా దిగిపోతుంది.

ఇప్పుడు మంచెను చేత్తో పక్కకు ఊపి చూడండి. నాలుగు మూలల చట్రం ఎంత బిగించినా పక్కకు వాలుతుంది. అందులో ఒక కర్రను మూల నుండి మూలకు వేసి చూడండి, ఇక కదలదు. మూడు మూలల ఆకారానికి ఉన్న బలం అది. మన ఇంటి దూలాల కింద వడ్రంగి ఏటవాలు కర్ర ఎందుకు వేస్తాడో ఇప్పుడు తెలిసిందా? వెనుకవైపు రెండు అరలకూ రెండు కర్రలు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వాలేటట్లు వేయండి. రెండు పక్కలా ఒక్కొక్కటి వేయండి. ముందువైపు మాత్రం వద్దు, పళ్ళేలు తీసి పెట్టడానికి అడ్డం వస్తుంది.

బోల్టులన్నీ ఒకేసారి గట్టిగా బిగించవద్దు. మొదట వదులుగా వేసి, తూకంగుండు వేలాడదీసి గుంజలు నిటారుగా ఉన్నాయో లేదో చూసుకొని, మూలమట్టం పెట్టి మూలలు సరిచేసి, ఆ తరువాతనే బిగించాలి. దుంగల చివరల కింద నాపరాళ్ళు వేస్తే చెద ఎక్కదు, తడికి కర్ర చివకదు. రసమట్టం లేకపోతే ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి మంచె పొడవున పెట్టి చూడండి, మట్టం అదే చెబుతుంది.

బిందెల పరీక్ష

మొలకలు పెట్టకముందే మంచెను పరీక్షించండి. పదిహేను లీటర్ల నీరు పట్టే బిందెలు అంతస్తుకు మూడు చొప్పున పన్నెండు పెట్టండి. అది నూట ఎనభై కిలోల బరువు. బిందెలు చాలకపోతే ఇసుక సంచులు పెట్టండి. కింది అంతస్తు నుండి పైకి నింపుకొంటూ పోవాలి, దించేటప్పుడు పై నుండి కిందికి దించాలి. పిల్లలను దగ్గరకు రానీయకండి. ఒక రాత్రి అట్లాగే ఉంచి, తెల్లవారి చూస్తే ఏ కర్ర వంగిందో, ఏ ముడి జారిందో కనబడుతుంది. పన్నెండు బిందెల నీళ్ళు ఒలికితే నష్టం లేదు. వారం రోజుల మేత ఒలికితే ఆవు పస్తు.

పళ్ళేలు పెట్టే వరుస

మందు కలిపిన విత్తనం ఎంతమాత్రం వాడకూడదు. అది పశువుకు విషం. తిండికి వాడే మంచి గింజను ఒక దినం నానబెట్టి, మరొక దినం తడి గోనెసంచిలో కట్టి, మొలక మొనలు కనబడగానే పళ్ళెంలో పరచండి. దినానికి రెండు పళ్ళేలు మొదలుపెట్టండి. కొత్త పళ్ళేలు ఎప్పుడూ పై అంతస్తులోనే పెట్టాలి. రెండు రోజులకు ఒక అంతస్తు చొప్పున కిందికి దించుకొంటూ వస్తే, ఎనిమిదో రోజుకు కింది అంతస్తు నుండి మేత చేతికి వస్తుంది. దీనివలన రెండు లాభాలు. బరువైన పళ్ళేలు అడుగున ఉండి మంచె నిలకడగా ఉంటుంది. ముదిరిన మేత మీదుగా కారిన నీరు లేత మొలకల మీద పడదు కాబట్టి బూజు పాకదు.

బూజు పట్టిన మేతను పశువుకు వేయకండి, దాచి దాచి వేయకండి, పారవేయండి. మన వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. కిటికీలకు తడి గోనెలు కట్టి గది చల్లగా ఉంచుకోవాలి. పళ్ళేలు ఖాళీ అయిన ప్రతిసారీ బ్లీచింగు పొడి నీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో తొలిచి ఎండబెట్టాలి.

దీపాలు కావాలా?

ఎల్‌ఇడి దీపాలు చవక కావడంతో చాలామంది ఈ ప్రశ్న అడుగుతున్నారు. మొలక మేతకు కిటికీ వెలుతురు చాలు. గది మరీ చీకటిగా ఉంటే నాలుగడుగుల ట్యూబులు రెండు చాలు. కాని వాటిని పళ్ళేల కింద వేలాడదీయకండి, పైనుండి నీరు కారుతుంది. మంచెకు అడుగు ఎడంగా, దుంగ పాదాలు గల వేరొక చిన్న చట్రం నిలబెట్టి, దానికి ట్యూబులను నిలువుగా కట్టండి. వెలుతురు నాలుగు అంతస్తులకూ అందుతుంది. ఇరవై వాట్ల ట్యూబులు రెండు పన్నెండు గంటలు వెలిగితే అర యూనిట్ కరెంటు. తీగలు, స్విచ్చులు తడి తగలని ఎత్తున ఉండాలి. ఇనుప చట్రమైతే ఎర్తు తప్పక వేయించాలి. కరెంటు పని తెలిసినవాని చేతనే చేయించండి. ఇక టమాటా, మిరప నారుకు మన ఊళ్ళలో దీపాల అక్కర లేదు. సూర్యుడు మనకు కొరత పెట్టలేదు, నీడవల చాలు.

ఉన్న మాట

ఒక కిలో గింజ అయిదు కిలోల మేత అయిందని మురిసిపోకండి. పెరిగినదానిలో ఎక్కువ భాగం నీరు. ఎండబెట్టి తూస్తే, మేతలోని సారం మొదటి గింజకంటే కొంత తక్కువే తూగుతుంది. మరి లాభమేమిటి? పశువు ఇష్టంగా తింటుంది, మేత సులువుగా అరుగుతుంది, కిలో మేతకు రెండు మూడు లీటర్ల నీళ్ళు చాలు. ఈ మంచె దినానికి పదిహేడు, పద్దెనిమిది కిలోలు ఇస్తుంది. ఆవుకు అయిదు నుండి పది కిలోల చొప్పున రెండు పాడి పశువులకు సరిపోతుంది. దానితో పాటు జొన్నసొప్ప, శనగకట్టె తప్పక వేయాలి. ఖర్చులో పెద్దపాలు గింజదే గనుక, గింజ ధర చూసుకొని దిగండి. ఏడాది పొడవునా చేసే పని కాదిది, పచ్చిగడ్డి దొరకని నెలలను దాటించే పని. పశువుల డాక్టరును, మీ ఊరి రైతు సేవా కేంద్రాన్ని ఒక మాట అడిగి మొదలుపెట్టండి.

కల్లూరులో కూలిన ఆ మంచెను ఆ రైతూ నేనూ కలిసి ఈ కొలతలతో మళ్ళీ కట్టాము. బిందెలు మోసింది ఆ ఇల్లాలే. ఒక రాత్రి గడిచాక తానే వచ్చి రెండు చేతులతో ఊపి చూసి, "ఇప్పుడు సరే" అన్నది. ఆ వేసవిలో వాళ్ళ ఆవు సంతకు పోలేదు.