పసిపిల్లల టీచరుకు కూడా శిక్షణ కావాలి

మన గోదావరిఖనిలో కొత్త కార్మికుణ్ణి నేరుగా గనిలోకి దింపరు. ముందు వి.టి.సి.లో శిక్షణ ఇస్తారు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాలు దాన్ని తప్పనిసరి చేశాయి. పాతవారికి కూడా కొన్నేళ్లకొకసారి రిఫ్రెషర్ శిక్షణ ఉంటుంది. మరి మూడేళ్ల బిడ్డను మనం ఎవరి చేతిలో పెడుతున్నామో ఆ టీచరు సంగతేమిటి?

అంగన్‌వాడీల్లో కొంత ఏర్పాటు ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్. పథకంలో టీచరుకు శిక్షణ ఇస్తారు. సూపర్‌వైజరు కేంద్రానికి వచ్చి చూస్తారు, వారిపైన సి.డి.పి.ఓ. ఉంటారు. 2020 జాతీయ విద్యా విధానం మరో అడుగు వేసింది. ఇంటర్, ఆపైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్న తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలని, పని మానకుండానే ఫోను, టీవీ ద్వారా నేర్చుకునే వీలుండాలని చెప్పింది.

బస్తీల్లో మనలాంటివారు చందాలతో నడిపే చిన్న నర్సరీలకు ఈ ఆసరా లేదు. ఇంటర్ చదివిన అమ్మాయి సోమవారం చేరితే, ఆ రోజే ముప్పై మంది పిల్లలు ఆమె చుట్టూ చేరతారు.

అలాంటి ఒక బడికి వెళ్లాను. దాతలిచ్చిన బొమ్మలు, బ్లాకులు బీరువాలో తాళం వేసి ఉన్నాయి. "విరిగిపోతే నన్నంటారు సార్, వీటితో ఏం చెప్పాలో నాకెవరూ చూపలేదు" అంది ఆ అమ్మాయి. పిల్లలు పలకమీద అక్షరాలు దిద్దుతున్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఒక బాబు పొద్దుటి నుంచి నోరు విప్పలేదట. తప్పు ఆమెది కాదు. బి.ఎడ్. చదివిన నాకే ఆ వయసు పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలో తెలియలేదు. మా చదువంతా పెద్ద పిల్లల కోసం.

ఆమెకు కావలసింది పెద్ద ఉపన్యాసం కాదు. బ్లాకులు పేరుస్తూ లెక్క ఎలా చెప్పాలి, రాతకు ముందు మట్టితో, రంగులతో వేళ్లకు పట్టు ఎలా తేవాలి, 'పానీ' అన్న బిడ్డను కోప్పడకుండా 'నీళ్లు' దాకా ఎలా తీసుకురావాలి, ఇవి ఎవరైనా పక్కన కూర్చుని చేసి చూపాలి. నెల తర్వాత మళ్లీ వచ్చి చూడాలి.

నిర్వాహకులు కూడా నేర్చుకోవాలి. "నోటుబుక్కు నిండిందా?" అని వారు అడిగినంతకాలం టీచరు రాయిస్తూనే ఉంటుంది. "ఈ రోజు ఏ బిడ్డ మాట్లాడలేదు?" అని అడిగితే ఆమె పిల్లల వైపు చూస్తుంది.

దాతలకు నా మనవి ఇదే. గది కట్టిస్తున్నారు, కుర్చీలు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి సదఖాలో కొంత టీచరు చదువుకు కేటాయించండి: శిక్షణ రోజుల్లో జీతం కోయకుండా, బస్సు ఛార్జీలకు, ఆ రోజుల్లో తరగతి చూసుకునే మనిషికి, నెలకోసారి వచ్చే అనుభవజ్ఞురాలైన టీచరుకు. గోడమీద దాత పేరు ఉండదు. బీరువా తాళం మాత్రం తెరుచుకుంటుంది.