వార్తల్లో పదం: ఎల్ నినో

వానాకాలం ముందు వాతావరణ వార్తల్లో తరచూ వినిపించే మాట ఎల్ నినో. భూమధ్యరేఖ వద్ద పసిఫిక్ మహాసముద్రపు మధ్య, తూర్పు భాగాల ఉపరితల నీరు మామూలు కంటే కనీసం 0.5 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడెక్కి, నెలల తరబడి అలాగే ఉండటమే ఇది.

మామూలుగా తూర్పు గాలులు వెచ్చటి నీటిని ఇండోనేషియా వైపు నెడతాయి. అవి నీరసిస్తే ఆ నీరు తూర్పుకు మళ్లుతుంది, మేఘాలూ దానివెంటే పోతాయి. అప్పుడు మన నైరుతి రుతుపవనాలు తరచూ బలహీనపడతాయి. 2023లో ఎల్ నినో ఏర్పడింది. ఆ ఆగస్టు 1901 తర్వాత దేశంలో అత్యంత పొడి ఆగస్టు.

కృష్ణా, తుంగభద్రల నడుమ నడిగడ్డలో, గట్టు లాంటి మెట్ట మండలానికి ఇది దూరపు ముచ్చట కాదు. ఇక్కడి సీడు పత్తి చేలల్లో కూలీలు సాయంత్రం మొగ్గ ఒలిచి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దుతారు. ఆ రోజుల్లో బెట్ట తగిలితే మొగ్గ రాలుతుంది. కృష్ణా మీది జూరాల జలాశయానికి నీళ్లు రావాలంటే పడమటి కనుమల్లోనూ వాన పడాలి.

అయితే ఎల్ నినో అంటే కరువు ఖాయమని కాదు. 1997లో బలమైన ఎల్ నినో ఉన్నా దేశంలో వర్షాలు ఇంచుమించు మామూలుగానే కురిశాయి. ఎల్ నినో ఏడాదే అయిన 2009లో దేశమంతా వానలు ముఖం చాటేశాయి, అక్టోబరు మొదట్లో మాత్రం వరద అలంపూర్‌ను, కర్నూలును ముంచెత్తింది.

ఎల్ నినో సహజ చక్రం, రెండు నుంచి ఏడేళ్లకోసారి వస్తుంది. వాతావరణ మార్పు వేరు: బొగ్గు, పెట్రోలు మండించడంతో పోగైన వాయువుల వల్ల భూమి వేడెక్కడం. రెండూ కలిస్తే వేడి రికార్డులు బద్దలవుతాయి. 2024 అలాంటి ఏడాదే.