ఐదక్షరాల ఒప్పందం

చాలా ఏళ్ల కిందట సేజ్‌మ్యాథ్ అనే గణిత ప్రోగ్రామును మొదటిసారి సోర్స్ నుంచి కంపైల్ చేసుకుందామని కూర్చున్నాను. భోజనానికి లేచే ముందు ‘మేక్’ అని కొట్టి వెళ్లాను. తిని వచ్చేసరికి బిల్డ్ ఆగిపోయి ఉంది. ప్రాసెసర్ వేగం నిలకడగా లేదు, ఇలాగైతే కొలతలు తీసుకోలేనని అట్లాస్ అనే లైబ్రరీ మొరాయించింది. తప్పు నాదే, కరెంటు ఆదా చేసే సెట్టింగు ఆపడం మరిచాను. ఆపి మళ్లీ మొదలుపెడితే, అది గుణకారాలను రకరకాలుగా చేయించి, ఏ పద్ధతి త్వరగా తెములుతోందో గడియారం పెట్టి చూసుకుంటూ కూర్చుంది. ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే అట్లపెనంలా ఉంది.

ఇదే లైబ్రరీని లినక్స్ వాళ్లు కట్టి, సిద్ధంగా పెట్టారు కదా, నేనెందుకు మళ్లీ పొయ్యి రాజేస్తున్నాను? ఆ రాత్రి ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

ఇలాంటి లైబ్రరీల పుట్టుక 1970లలో ఉంది. అప్పట్లో ఏ ప్రయోగశాలకు ఆ ప్రయోగశాల, ఏ యంత్రానికి ఆ యంత్రం, మాత్రికల లెక్కలకు సొంత ఫోర్ట్రాన్ లూపులు రాసుకునేవి. యంత్రం మారితే మళ్లీ మొదటికి. లాసన్, హాన్సన్, కింకెయిడ్, క్రోగ్ అనే నలుగురు 1979లో ఒక ప్రతిపాదన అచ్చు వేశారు. అందులో ఉన్నవి 38 చిన్న ఉపప్రోగ్రాములు. వాటికి బ్లాస్ అని పేరు. లోపల ఎవరెలా రాసుకున్నా ఫరవాలేదు, పేరూ, ఇచ్చే వివరాల వరసా మాత్రం అందరికీ ఒకటే ఉండాలన్నది షరతు. అదే ఏడాది వచ్చిన లిన్‌ప్యాక్ అనే లైబ్రరీ ఆ పేర్ల మీదే నిలబడింది.

1990లో ఆ కుటుంబంలోకి డిజిఇఎమ్ఎమ్ వచ్చింది. వాడేవాళ్లు దాన్ని ‘డీజెమ్’ అంటారు. ‘డి’ అంటే డబుల్ ప్రెసిషన్, ‘జిఇ’ అంటే ఏ ప్రత్యేకతా లేని మామూలు మాత్రిక, ‘ఎమ్ఎమ్’ అంటే మాత్రికను మాత్రికతో గుణించడం. ఆనాటి ఫోర్ట్రాన్‌లో పేరు ఆరక్షరాలు దాటకూడదు కాబట్టి ఈ పిసినారితనం. పేరుకు పొదుపే గానీ, పిలిచినప్పుడల్లా 13 వివరాలు ఇచ్చుకోవాలి. ఒక్కటి అటూ ఇటూ అయితే అంతే సంగతులు.

గుణకారానికి అంత హంగామా ఎందుకంటారా? 2000 వరసలు, 2000 నిలువుల మాత్రికలు రెండిటిని గుణిస్తే కూడికలూ గుణకారాలూ కలిపి దాదాపు 1600 కోట్లు. అవి చేయడం ప్రాసెసర్‌కు కష్టం కాదు, అంకెలు మెమరీ నుంచి వచ్చేదాకా కాచుక్కూర్చోవడమే కష్టం. తాపీ మేస్త్రీని చూడండి. ఇటుక కావాల్సినప్పుడల్లా వీధి చివర కుప్ప దాకా వెళ్తే గోడ లేవదు. కూలీ ఒక గమేళా నిండా తెచ్చి పక్కన పోస్తే, అది అయ్యేదాకా చెయ్యి ఆగదు. ప్రాసెసర్ పక్కనుండే క్యాష్ ఆ గమేళా. మాత్రికను క్యాష్‌లో పట్టే ముక్కలుగా కోసి, తెచ్చిన ముక్కను మళ్లీ మళ్లీ వాడుకోవడంలోనే వేగమంతా ఉంది.

ముక్క ఎంత ఉండాలన్నది చిప్పును బట్టి మారుతుంది. టెనెసీ విశ్వవిద్యాలయంలో 1990ల చివర క్లింట్ వేలీ, జాక్ డోంగారా ఆ పనిని యంత్రానికే అప్పగించారు: నువ్వే అన్నీ ప్రయత్నించి, కొలుచుకుని, మంచిది ఎంచుకో. అదే అట్లాస్. నా ల్యాప్‌టాప్‌ను వేడెక్కించింది ఆ కొలతలే. కజుషిగె గోటో దారి వేరు. జపాన్ పేటెంట్ కార్యాలయంలో ఉద్యోగం చేసిన ఈయన ఒక్కో చిప్పుకూ అసెంబ్లీ భాషలో చేత్తో రాశాడు. టెక్సస్ విశ్వవిద్యాలయానికి చేరాక ఆ కోడు గోటోబ్లాస్‌గా పేరు పొందింది. క్యాష్ ఒక్కటే చూస్తే చాలదు, మెమరీ చిరునామాలు వెతికే పట్టిక ఎన్నిసార్లు తడబడుతోందో కూడా చూడాలని పట్టుకున్నాడు. మనిషి చేతి పని యంత్రం వెతుకులాటను ఓడించిన ఇలాంటి కథంటే నాకు పక్షపాతం, ఒప్పుకుంటాను. గోటో ఆ పని వదిలాక, ఆ కోడునే 2011 నుంచి చైనాలో జాంగ్ షియాన్‌యీ బృందం ఓపెన్‌బ్లాస్‌గా పెంచింది.

ఇక సేజ్‌మ్యాథ్ సంగతి. విలియం స్టైన్ 2005లో దాన్ని సేజ్ అనే పేరుతో మొదలుపెట్టినప్పుడు ఉన్న మంచి గణిత ప్రోగ్రాములన్నీ ఒకచోట చేర్చాడు. ఎవరి కంప్యూటర్లో ఏ వెర్షన్ ఉంటుందో నమ్మకం లేక, అన్నిటినీ వెంట తీసుకెళ్లే పద్ధతి పెట్టుకున్నారు. పెళ్లివారు బిందెలతో సహా బయలుదేరినట్టు. భయం ఉత్తది కాదు. ఒక ఫోర్ట్రాన్ కంపైలర్ సంకీర్ణ సంఖ్యను తిరిగిచ్చే తీరు ఇంకోదానికి సరిపడదు. పూర్ణాంకానికి 32 బిట్లే ఉంటే, వరసకు 46,340 దాటిన చదరపు మాత్రికలో అంకెల లెక్కే ఆ పూర్ణాంకంలో పట్టదు. 64 బిట్ల పూర్ణాంకాల లైబ్రరీని 32 బిట్ల పూర్ణాంకాల ప్రోగ్రాముకు తగిలిస్తే పేర్లు కలుస్తాయి, జవాబులు కలవవు. అందుకే జూలియా భాష వాళ్లు 64 బిట్ల పేర్లకు చివర ‘64_’ తగిలించారు.

ఇప్పుడు సేజ్ ‘కాన్ఫిగర్’ స్క్రిప్టు ముందుగా సిస్టమ్‌లో ఏముందో వెతుకుతుంది. ఓపెన్‌బ్లాస్, జీఎమ్‌పీ, ఎమ్‌పీఎఫ్ఆర్ లాంటి లైబ్రరీల్లో ఒక్కోటీ సరిపోతే ఉన్నదే వాడుకుంటుంది, లేకపోతే తనే కంపైల్ చేస్తుంది. ఇక్కడ కొత్తవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. లైబ్రరీ ఉన్నా ‘లేదు’ అంటుంది. నడపడానికి లైబ్రరీ ఫైలు చాలు, కంపైల్ చేయడానికి హెడర్లు కూడా కావాలి. డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో అవి ‘-డెవ్’ అనే తోక ఉన్న ప్యాకేజీలో ఉంటాయి. లిబ్‌ఓపెన్‌బ్లాస్-డెవ్ వేసి మళ్లీ కాన్ఫిగర్ కొడితే కథ సుఖాంతం.

నా ప్రాసెసర్‌కు తగ్గట్టు నేనే కట్టుకుంటేనే వేగం అనేవాళ్లు ఇంకా ఉన్నారు. డెబియన్ ఓపెన్‌బ్లాస్‌లో రకరకాల చిప్పులకు రాసిన కోడంతా ఒకేచోట ఉంటుంది. ప్రోగ్రాము మొదలవగానే చిప్పు ఏదో చూసి తగినది ఎంచుకుంటుంది. ఆ వాదనలో ఇక పెద్ద పస లేదు. పైగా లోపం బయటపడితే సిస్టమ్‌లో ఒకచోట సరిచేస్తే చాలు, దాన్ని వాడే ప్రోగ్రాములన్నిటికీ అందుతుంది.

మొన్న డెబియన్‌లో ‘అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్’తో బ్లాస్ లింకును పాత నమూనా లైబ్రరీ వైపు తిప్పి, 2000 వరసలు, 2000 నిలువుల మాత్రికలు రెండిటిని గుణించమన్నాను. లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. లింకును ఓపెన్‌బ్లాస్‌కు మార్చి అదే ప్రోగ్రామును మళ్లీ నడిపాను. కుర్చీ వెనక్కి జరిపేలోపే జవాబు వచ్చింది. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూస్తే కొన్నిచోట్ల చిట్టచివరి అంకెలు వేరు. కూడిక వరస మారింది మరి.