వాడిన రీల్ ఏ నీళ్లు తాగిందో!

ఆన్‌లైన్‌లో పాత ఫిషింగ్ రీల్ కొనేవారికీ, అమ్మేవారికీ పనికొచ్చే కొంచెం రసాయనశాస్త్రం, కొంచెం భౌతికశాస్త్రం, కొంచెం అర్థశాస్త్రం

పాత వస్తువులు అమ్మే ఏ యాప్‌లోనైనా ‘ఫిషింగ్ రీల్’ అని వెతికి చూడండి. తళతళలాడే ఫొటోలు వరుస కడతాయి. వాటి కింద ‘కొత్తదానిలాగే ఉంది’, ‘రెండు మూడు సార్లే వాడాం’ అన్న మాటలు కనిపిస్తాయి. వీటిలో నిజాలూ ఉంటాయి, అబద్ధాలూ ఉంటాయి. ఏది ఏదో తేల్చుకోవడమే కష్టం.

హిమాలయ నదిలో మహసీర్ చేప కోసం వాడిన రీల్‌నూ, అండమాన్ సముద్రంలో ఉప్పునీటి తుంపర్లలో తడిసిన రీల్‌నూ శుభ్రంగా తుడిచి పక్కపక్కనే పెడితే పైకి రెండూ ఒకేలా మెరుస్తాయి. మొదటిది ఇంకా పదేళ్లు పనిచేయవచ్చు. రెండోదాని లోపల బేరింగులు ఇప్పటికే తుప్పు పట్టి ఉండవచ్చు. అందుకే పాత రీల్ కొనేవారు ‘ఎంత?’ అని అడిగేముందు ‘ఇది ఏ నీళ్లు తాగింది?’ అని అడగాలి. సూటిగా జవాబు రాకపోయినా, దాన్ని రాబట్టే దారులు ఉన్నాయి.

తాలు సరకు గట్టి సరకును తరిమేస్తే

అమ్మేవారికి తెలిసిన విషయం కొనేవారికి తెలియకపోతే బజారు ఏమవుతుంది? 1970లో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఈ ప్రశ్నకు జవాబిచ్చారు. ఆయన వ్యాసాన్ని అంతకుముందు మూడు పత్రికలు తిప్పి పంపాయి. అదే వ్యాసం పునాదిగా 2001లో మైఖేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిసి ఆయన అర్థశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

ఆయన వాదాన్ని రీళ్లకు వర్తింపజేద్దాం. 100 పాత రీళ్లు అమ్మకానికి వచ్చాయనుకోండి. సగం మంచివి, ఒక్కోటి 4,000 రూపాయలు చేస్తుంది. మిగతా సగం లోపల పాడైనవి, ఒక్కోటి 1,000 మాత్రమే చేస్తుంది. ఏది ఏదో తెలియని కొనుగోలుదారు సగటు లెక్క వేసుకుని 2,500కు మించి ఇవ్వడు. ఆ ధరకు మంచి రీల్ ఉన్నవారు అమ్మరు, అటక మీద పెట్టేస్తారు. బజారులో మిగిలేవి పాడైనవే. ఆ సంగతి కొనేవారికి అర్థమయ్యేసరికి ధర 1,000కి పడిపోతుంది. తాలు గింజలు గట్టి గింజలను బజారు నుంచి తరిమేసినట్టు అన్నమాట. ఇందులో నష్టపోయేది మోసపోయిన కొనుగోలుదారు ఒక్కరే కాదు. నిజాయతీగా అమ్మాలనుకున్నవారికీ గిట్టుబాటు ధర దొరకదు.

దీనికి స్పెన్స్ చూపిన విరుగుడు ‘సంకేతం’. మంచి సరకు ఉన్నవారు తేలిగ్గా ఇవ్వగలిగి, చెడ్డ సరకు ఉన్నవారు ఇవ్వలేని రుజువు అది. ‘కొత్తదానిలాగే ఉంది’ అన్న మాట సంకేతం కాదు, దాన్ని ఎవరైనా రాయగలరు. మరి రీల్ విషయంలో సంకేతం ఏమిటి? దానికోసం రీల్ లోపలికి వెళ్లాలి.

ఉప్పు జాడీ చెప్పే పాఠం

మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేది స్పిన్నింగ్ రీల్. దారం చుట్టుకునే కండెలాంటి భాగాన్ని స్పూల్ అంటారు. హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే లోపలి పళ్ల చక్రాల వల్ల దారం చుట్టే భాగం సాధారణంగా 5, 6 సార్లు తిరుగుతుంది. ఈ చిన్న యంత్రంలో అల్యూమినియం లేదా గ్రాఫైట్ కలిపిన ప్లాస్టిక్ ఒళ్లు, ఇత్తడి గేరు, ఉక్కు బేరింగులు, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు పక్కపక్కనే ఉంటాయి. మంచినీటిలో ఇవి సఖ్యంగానే కాపురం చేస్తాయి. ఉప్పునీరు చేరితే కథ మారుతుంది.

లీటరు సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వేర్వేరు లోహాలు తాకుతూ ఉన్నచోట ఉప్పునీరు చేరితే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది. స్టీల్ స్క్రూ, అల్యూమినియం ఒళ్లు కలిసినచోట కరిగిపోయేది అల్యూమినియం. దాన్ని మామూలుగా కాపాడే పల్చటి ఆక్సైడ్ పొరను ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు అక్కడక్కడా ఛేదించి గుంటలు పెడతాయి.

‘నీరు ఆరిపోయింది కదా’ అనుకుంటే పొరపాటు. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం అందరం చూసిందే. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ ఆ తేమను పీల్చుకుని తనలో తాను కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం తేమ చాలు. విశాఖపట్నం, కాకినాడ, చెన్నై వంటి తీర నగరాల్లో తేమ 75 శాతం దాటడం మామూలే. అంటే ఒక్కసారి సముద్రానికి వెళ్లొచ్చిన రీల్‌ను కడగకుండా అలమరాలో పెట్టేస్తే, ఆ తర్వాత చెమ్మగాలి వీచిన ప్రతిసారీ లోపలి ఉప్పు మళ్లీ తడుస్తుంది, తుప్పు మళ్లీ మొదలవుతుంది. ‘రెండు సార్లే వాడాం’ అన్న మాట నిజమే కావచ్చు. అయినా రీల్ పాడై ఉండవచ్చు.

రంగులు చెప్పే సాక్ష్యం

తుప్పు తన గుర్తులను రంగుల్లో వదిలిపెడుతుంది. స్క్రూల చుట్టూ, రీల్‌ను కర్రకు బిగించే పాదం అంచుల్లో తెల్లటి పొడి కనిపిస్తే అల్యూమినియం లేదా జింక్ మిశ్రమం తినేయబడుతోందని అర్థం. ఆకుపచ్చ చిలుము ఇత్తడి భాగాలది. ఎర్రటి, గోధుమరంగు మరకలు ఉక్కువి. వాటిని బేరింగుల దగ్గర, దారం మలుపు తిరిగే చిన్న రోలర్ దగ్గర వెతకాలి. పెయింటు పొక్కులు కట్టి ఉంటే దాని కింద లోహం దెబ్బతిందని అనుమానించాలి.

అందుకే అమ్మేవారిని అందమైన ఫొటో కాదు, ఈ నాలుగు ఫొటోలు అడగండి: స్పూల్ తీసేసిన తర్వాత దాని కింది భాగం, దారం రోలర్, పాదం, హ్యాండిల్ విప్పిన రంధ్రం. పగటి వెలుగులో, దగ్గరగా తీసినవి కావాలి. స్క్రూ తలలు అరిగిపోయి ఉంటే రీల్‌ను ఎవరో విప్పారని తెలుస్తుంది. అది తప్పేమీ కాదు, సర్వీసింగ్ కోసం కావచ్చు. ఎందుకు విప్పారో అడగాలి, అంతే.

రంగు చూపించలేనిది శబ్దం చెబుతుంది. దారం లేకుండా హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పుతున్న వీడియో అడగండి. వెనుక పాట పెట్టిన వీడియో పనికిరాదు. గరగరమంటే బేరింగులో ఉప్పో ఇసుకో చేరినట్టు. ఒక్కో చుట్టుకు ఒక్కసారి అదేచోట ‘టక్’మంటే గేరు పన్ను దెబ్బతిని ఉండవచ్చు. అయితే చిక్కటి గ్రీజు పూస్తే శబ్దం కొంతకాలం అణిగిపోతుంది. కాబట్టి ఈ ఒక్క పరీక్షనే నమ్ముకోకూడదు.

రెండు లీటర్ల సీసా పరీక్ష

రీల్‌లో ప్రాణంలాంటి భాగం డ్రాగ్. పెద్ద చేప ఒక్కసారిగా లాగినప్పుడు దారం తెగకుండా, కొంచెం కొంచెంగా జారనిచ్చే బ్రేకు ఇది. స్పూల్‌లో ఒకదానిపై ఒకటి పేర్చిన ఫెల్ట్ లేదా కార్బన్ ఫైబర్ వాషర్ల మధ్య ఘర్షణే దీని బలం.

బీరువాను తోయడం మొదలుపెట్టేటప్పుడు ఎక్కువ బలం కావాలి, కదిలాక తక్కువ చాలు. నిశ్చల ఘర్షణ, గతిక ఘర్షణ మధ్య తేడా ఇది. మంచి డ్రాగ్‌లో ఈ తేడా చాలా తక్కువ. నెలల తరబడి గట్టిగా బిగించి ఉంచిన ఫెల్ట్ వాషర్లు అణిగిపోయి అతుక్కుంటాయి. అలాంటి రీల్‌లో చేప లాగిన మొదటి క్షణంలో దారం జారదు, తెగుతుంది.

దీన్ని పరీక్షించడం తేలిక. 6 కిలోల బరువుకు తెగే దారానికి సాధారణంగా అందులో మూడో వంతు, అంటే 2 కిలోల దగ్గర జారేలా డ్రాగ్ బిగిస్తారు. 2 లీటర్ల సీసా నిండా నీళ్లు పోస్తే బరువు దాదాపు అంతే. దారం కొసకు సీసా కట్టి నేలకు జానెడు ఎత్తున వేలాడదీసి, డ్రాగ్ నాబ్‌ను కొద్దికొద్దిగా వదులు చేయాలి. సీసా మెత్తగా దిగితే డ్రాగ్ బాగున్నట్టే. కాసేపు కదలకుండా ఉండి హఠాత్తుగా జారినా, ఆగి ఆగి కుదుపులతో దిగినా వాషర్లు మార్చాల్సిందే.

ఒక్క విషయం గమనించాలి. దారం తగ్గేకొద్దీ చుట్ట వ్యాసార్ధం తగ్గుతుంది. నాబ్ ముట్టుకోకపోయినా డ్రాగ్ పెరుగుతుంది. 24 మిల్లీమీటర్ల చుట్ట 16కి తగ్గితే 2 కిలోల డ్రాగ్ 3 కిలోలవుతుంది. సగం ఖాళీ స్పూల్‌తో చూపించిన డ్రాగ్ ఉన్నదానికంటే బలంగా కనిపిస్తుంది. అందుకే స్పూల్ నిండా దారం ఉన్నప్పుడే పరీక్షించమనాలి.

స్పెన్స్ చెప్పిన సంకేతం ఇదే. మంచి రీల్ ఉన్నవారికి ఈ వీడియో 5 నిమిషాల పని. పాడైన రీల్‌తో దాన్ని తీయడం కష్టం.

మంచిపేరుకు విలువ ఎంత?

అమ్మేవారి పేరుప్రతిష్ఠలు కూడా ఒక సంకేతమే. పాల్ రెస్నిక్ బృందం ఈబేలో ఒక ప్రయోగం చేసింది. దాని ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. ఒకే రకం పాత పోస్టుకార్డులను మంచి రేటింగ్ ఉన్న పాత ఖాతా నుంచీ, కొత్త ఖాతాల నుంచీ అమ్మి చూశారు. పాత ఖాతాకు కొనేవారు సగటున 8.1 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు.

కానీ మన దగ్గర చాలా పాత వస్తువుల అమ్మకాలు ముక్కూముఖం తెలియని ఇద్దరి మధ్య ఒక్కసారే జరుగుతాయి. అందువల్ల వీలైతే రీల్‌ను చేతిలోకి తీసుకుని చూశాకే డబ్బు ఇవ్వడం మేలు. అమ్మేవారికీ ఒక జాగ్రత్త. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కాల్సిన పని ఎప్పుడూ ఉండదు. ‘డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి’ అని ఎవరైనా అంటే అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అమ్మదలచినవారు ముందుగా డ్రాగ్ బిగించి, రీల్‌ను సన్నటి మంచినీటి ధారతో కడగాలి. జోరుగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టాలి. ‘సముద్రంలో వాడాను, ఒక బేరింగ్ శబ్దం చేస్తోంది’ అని ముందే రాసి, ఆ మేరకు ధర తగ్గించండి. బేరింగు చిన్న భాగం, మార్చుకోవచ్చు. దాచిపెట్టిన లోపం బయటపడితే పోయిన నమ్మకానికి మాత్రం విడిభాగాలు దొరకవు.