సముద్ర ఆమ్లీకరణ

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి సముద్రపు నీటి పీహెచ్ తగ్గిపోవడమే సముద్ర ఆమ్లీకరణ. భూమి సురక్షితంగా ఉండేందుకు శాస్త్రవేత్తలు గీసిన పరిమితుల్లో మనుషులు దాటేసిన ఏడోది ఇదేనని 2025 సెప్టెంబరులో జర్మనీలోని పోట్స్‌డామ్ వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ప్రకటించారు.

హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్ మెట్రో కింద సిగ్నల్ పడినప్పుడు బండ్లు వదిలే పొగలోనూ ఈ కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటుంది. ఆ వాయువు నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లమై హైడ్రోజన్ అయాన్లను విడుదల చేస్తుంది. అవి కార్బొనేట్‌ను పట్టేసుకుంటాయి. ఆల్చిప్పలు, పగడాలు గుల్ల కట్టుకునేది ఆ కార్బొనేట్‌తోనే! పారిశ్రామిక విప్లవం నాటి నుంచి పీహెచ్ 8.2 నుంచి 8.1కి దిగింది. నీరు ఇప్పటికీ క్షారమే అయినా, హైడ్రోజన్ అయాన్లు సుమారు 30 శాతం పెరిగాయి, ఇది చిన్న మార్పేమీ కాదు.

బంగాళాఖాతం తీరజలాల్లో ఆమ్లత్వం పెరగడానికి వాయు కాలుష్యమూ తోడవుతోందని విశాఖ శాస్త్రవేత్తలు 2015లోనే చెప్పారు.